పూటకో ప్రభుత్వం

బెల్దావియా దేశానికి ప్రజాస్వామ్యం ఒక మంగళవారం నాడు వచ్చింది. సోమవారం సాయంత్రం దాకా అక్కడ కమ్యూనిజమే ఉంది. మంగళవారం పొద్దున పాల కోసం క్యూలో నిలబడ్డ జనానికి రేడియో ఈ సంగతి చెప్పింది. జనం విన్నారు, సంతోషించారు, చోటు పోతుందేమోనని క్యూ కదలకుండానే చప్పట్లు కొట్టారు.

నలభై ఏళ్ళు ఏలిన పార్టీ ఆ మధ్యాహ్నమే సమావేశమై తనను తాను ఏకగ్రీవంగా రద్దు చేసుకుంది. సాయంత్రం అదే హాల్లో, అవే కుర్చీల్లో, ఆ మనుషులే కూర్చుని ప్రజాస్వామ్య పార్టీ పెట్టారు. మధ్యలో టీ తాగారు. విప్లవం అంటే అక్కడ అంతే జరిగింది.

ఇక ఎన్నికలు జరపాలి. ఎన్నికలు వాళ్ళకు కొత్తేం కాదు. ఇదివరకూ జరిపేవారు. కాకపోతే ఒక్కరే నిలబడేవారు, ఆ ఒక్కరే గెలిచేవారు. ఇద్దరు నిలబడితే ఏం చెయ్యాలో మాత్రం ఎవరికీ తెలియదు. అందుకని అంతర్జాతీయ స్థిరత్వ మండలి అనే పెద్ద సంస్థ, ఎన్నికల పని తెలిసిన మనిషినొకణ్ణి పంపమని మన దేశాన్ని అడిగింది.

విదేశయానం అనగానే పెద్ద పెద్ద ఆఫీసర్లందరికీ బెల్దావియా ప్రజల మీద ప్రేమ పొంగుకొచ్చింది. తీరా అక్కడ చలికాలంలో కొళాయి తిప్పితే ఐసుముక్క జారిపడుతుందని తెలిసేసరికి ఒకరికి నడుం పట్టేసింది, ఒకరికి బావమరిది పెళ్ళి గుర్తొచ్చింది. ఫైలు ఒక్కో మెట్టూ దిగుతూ రాష్ట్రానికీ, అక్కణ్ణించి జిల్లాకీ వచ్చి, గోదావరి జిల్లాలో డిప్యూటీ తాసిల్దారుగా ఎన్నికల పనే చేసి రిటైరైన చాగంటిపాటి భీమశంకరంగారి వరండాలో ఆగింది. ఆయనకంటే కింద ఇంకెవరూ లేరు.

భీమశంకరంగారు నిబంధనల మనిషి. ఇంట్లో వంకాయా, దొండకాయా అని మాట వస్తే ఉపసంహరణ గడువు ఎప్పటిదాకా అని అడిగే రకం. ఆయన భార్య సుభద్రమ్మ పెట్టెలో రెండు స్వెట్టర్లూ, ఒక మంకీ క్యాపూ సర్దుతూ, "అక్కడెవరైనా రూలు తప్పితే మీరు నోరు పారేసుకోకండి. పరాయి దేశం" అని మరీమరీ చెప్పింది. ఆయన తనవంతుగా ఇంకో పెట్టె నిండా చెరగని సిరా సీసాలు పెట్టుకున్నాడు. ఓటేసినవాడి వేలి మీద ఆ చుక్క లేకపోతే అది ఎన్నికే కాదని ఆయన గట్టి నమ్మకం.

విమానం దిగేసరికి ఒక పెద్దావిడ చేతులు జోడించి ఎదురొచ్చింది.

"సుస్వాగతము, మహాశయా! ప్రయాణమునందు మీకు అలసట కలిగినదా?"

భీమశంకరంగారు ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. వెనక ఎవరూ లేరు. పౌరాణిక నాటకంలోంచి ఎవరో నేరుగా విమానాశ్రయానికి వచ్చేశారేమో అనుకున్నాడు.

ఆవిడ పేరు ఇల్కా. పాత ప్రభుత్వం విదేశీ భాషల్లో పుస్తకాలు అచ్చేసే రోజుల్లో తెలుగు విభాగం అంతా ఆవిడే. పాతికేళ్ళు కూర్చుని ట్రాక్టర్ల మరమ్మతు పుస్తకాలూ, పిల్లల కథలూ తెలుగులోకి మార్చింది. తెలుగువాణ్ణి కళ్ళతో చూడటం మాత్రం ఇదే మొదలు.

"ఆ పుస్తకాల్లో టోపీ పెట్టుకున్న కుందేలు కథ ఒకటుండేదండీ. మా అమ్మాయి అన్నం తినాలంటే అది చదవాల్సిందే. అట్ట చిరిగిపోతే రెండుసార్లు బైండు చేయించాను" అన్నాడు భీమశంకరంగారు.

ఇల్కా నడిచేదల్లా ఆగిపోయింది. "అది నేనే తెనుగు చేసితిని" అంది. "మేము పుస్తకములను పెట్టెలలో పెట్టి పంపుచుంటిమి. అచ్చట ఎవరైనా చదువుచున్నారో లేదో మాకు ఎన్నడును తెలియలేదు."

హోటల్లో గదులు ఖాళీ లేవన్నారు. ఆయన్ని ఇల్కా తన ఇంటికే తీసుకెళ్ళింది. నాలుగో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఆవిడ భర్త మత్యాష్ ట్రాము డ్రైవరుగా చేసి మానేశాడు. మాట తక్కువ, దగ్గు ఎక్కువ. ఊపిరితిత్తులు పాడైనాయి, చల్లని గదిలో ఇంకో చలికాలం గడపలేడని డాక్టరు చెప్పాడట. ఆ వీధిలో ఇళ్ళన్నిటికీ వేడి కింద బాయిలర్ గదిలోంచి గొట్టాల్లో రావాలి. అది ఏటా మంచు పడకముందే వెలిగిస్తారు గనక భయం లేదని ఇల్కా చెప్పింది.

మర్నాడు మంత్రివర్గ సమావేశం. ప్రధాని బొగ్దాన్ నిన్నమొన్నటిదాకా సిమెంటు శాఖకు ఉప కార్యదర్శి. మనిషి కూడా సిమెంటు బస్తాలాగే ఉంటాడు. మండలి తరఫున హాల్వర్ అనే దొర వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో ఒకదానికి మార్కులు వేస్తున్నట్టు చూస్తాడు.

"మా నియమావళి సుస్పష్టం" అన్నాడు హాల్వర్. "ఏ దేశంలోనైనా అధికారం రెండుసార్లు శాంతియుతంగా ఒక పక్షం నుంచి మరొక పక్షానికి చేతులు మారినప్పుడు, సదరు దేశాన్ని సుస్థిర ప్రజాస్వామ్యంగా గుర్తించి పత్రం జారీ చేయబడును. పత్రం ఉన్న దేశాలకే సాయం."

బొగ్దాన్ చాలాసేపు ఆలోచించాడు.

"రెండుసార్లకూ మధ్య ఎంత ఎడం ఉండాలి?"

హాల్వర్ పుస్తకం తిరగేశాడు. వెనకనించి ముందుకు మళ్ళీ తిరగేశాడు. "ఎడం గురించి ప్రస్తావన కానరాదు" అన్నాడు.

బొగ్దాన్ ముఖం వెలిగిపోయింది. అయితే ఒక చిక్కు వచ్చిపడింది. అధికారం చేతులు మారాలంటే రెండో చెయ్యి కావాలి. ప్రతిపక్షంలో ఎవరుంటారని అడిగితే అందరూ తలలు దించుకుని కాగితాలు తిరగేశారు. ఆ దేశంలో ఎదురుచెప్పినవాళ్ళను నలభై ఏళ్ళుగా బొగ్గుగనులకు పంపిస్తున్నారు. దాంతో ఆ పనికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి కిటికీ వైపు కూర్చున్నవాళ్ళంతా ప్రతిపక్షం అని ఉత్తర్వు వేశారు. వాళ్ళు బిక్కచచ్చిపోతే, ఊరుకోబెట్టడానికి హోటల్లో గదులు ఖాళీ చేయించి ఇచ్చి, రోజంతా వేడినీళ్ళు వదిలారు. శాసనసభ్యుల్ని హోటల్లో పెట్టి మేపడం మన దగ్గరా ఉన్నదే గనక భీమశంకరంగారికి ఒక్కసారి ఇల్లు గుర్తొచ్చింది.

ప్రతిపక్ష నాయకుడు త్సిరిల్. బొగ్దాన్ భార్యకు తమ్ముడు.

"నిన్ను నేను ఎట్లా తిట్టాలి బావా?" అన్నాడు త్సిరిల్ కళ్ళనీళ్ళ పర్యంతమై. ఇల్కా ఇదంతా చెవిలో తెలుగు చేసి చెబుతోంది.

"ముందు రోజు రాసి నాకు పంపు. బాగున్నాయో లేదో చూసి పంపిస్తాను" అని బొగ్దాన్ ధైర్యం చెప్పాడు.

భీమశంకరంగారు లేచి నిలబడి, నామినేషన్లు, పరిశీలన, ఉపసంహరణ, గుర్తుల కేటాయింపు, ప్రచారం ముగింపు అన్నీ వరసగా వివరించి, సిరా సీసా తీసి ఎత్తి చూపించాడు. మంత్రులందరూ దాన్ని ప్రసాదంలా ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని వాసన చూశారు.

మొదటి ఎన్నికలో త్సిరిల్ గెలిచాడు. గెలిచినందుకు బావకు క్షమాపణ చెప్పాడు. మూడు వారాలకే రెండో ఎన్నిక పెట్టారు. అందులో బొగ్దాన్ గెలిచాడు. రెండుసార్లూ బ్యాండు వాయించారు, రెండుసార్లూ కరచాలనం అయింది. ఒక్క అద్దం పగల్లేదు. హాల్వర్ పత్రం ఇచ్చేశాడు. భీమశంకరంగారు పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాడు.

ఆ వారంలోనే పక్కదేశంలో మూడోసారి అధికారం మారిందని వార్త వచ్చింది. మండలివారి స్థిరత్వ పట్టికలో వాళ్ళు ఒక మెట్టు పైకెక్కి కూర్చున్నారు.

బొగ్దాన్‌కు పౌరుషం పొడుచుకొచ్చింది. "రెండు మార్పులు స్థిరత్వమైతే, నాలుగు మార్పులు రెట్టింపు స్థిరత్వం కదా?" అని హాల్వర్‌ను అడిగాడు.

"లెక్క ప్రకారం కాదనడానికి ఆధారం లేదు" అన్నాడు హాల్వర్.

ఇక చూడండి. నెలకో ఎన్నిక వారానికొకటైంది. పిల్లలు బడి మానేశారు, ఎందుకంటే బళ్ళన్నీ పోలింగు కేంద్రాలే. భీమశంకరంగారి సిరా అంత తేలిగ్గా పోయే రకం కాదు. మొదటిసారి ఎడమచేతి చూపుడువేలి మీద వేశారు. రెండోసారికి అది చెరగలేదు. మళ్ళీ పోలింగు జరిగితే నడిమి వేలు వాడాలని మన దగ్గర నిబంధన ఉంది, ఆయన అదే చెప్పాడు. తరవాత ఉంగరం వేలు, చిటికెన వేలు, బొటనవేలు. ఆ తరవాత కుడిచెయ్యి. చూస్తూ చూస్తుండగా దేశంలో జనానికి వేళ్ళు అయిపోయాయి.

"ఇప్పుడెట్లా?" అని ప్రభుత్వం రాతపూర్వకంగా అడిగింది.

భీమశంకరంగారు తల గోక్కున్నాడు. కాళ్ళ గురించి నిబంధనల్లో ఎక్కడా లేదు. వద్దనీ లేదు. ఆ మాటే రాసిచ్చాడు. ఆ ఆదివారం నుంచి పొద్దుటి చలిలో జనం బూట్లు చేతబట్టుకుని, ఒంటికాలి మీద కుంటుతూ ఓటేశారు. ముసలివాళ్ళు మేజోళ్ళు విప్పుకోలేక ఒకళ్ళవి ఒకళ్ళు లాగారు. ఓటింగు శాతం మాత్రం తగ్గలేదు. ఓటెయ్యకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు, అడగడం వాళ్ళకు అలవాటు లేదు. హాల్వర్ ఇదంతా ఫోటోలు తీయించి, "ఇంత నిబద్ధత కలిగిన ఓటరు సముదాయాన్ని నా సర్వీసులో చూడలేదు" అని నివేదిక పంపాడు.

కాలివేళ్ళు కూడా అయిపోయాక ప్రభుత్వం ఇంకో అడుగు ముందుకేసింది. ఒకసారి బొగ్దాన్, ఒకసారి త్సిరిల్ గెలుస్తున్నారని ఎటూ తెలిసిందే గనక, మధ్యలో ఓటర్లను శ్రమపెట్టడం ప్రజావ్యతిరేకమని భావించి, ఓట్లు పడినట్టే పరిగణించాలని చట్టం చేశారు. అధికార మార్పిడి రోజుకోసారి అయింది. పట్టికలో ఇంకా పైన ఒక దేశం మిగిలి ఉండడంతో పూటకోసారి చేశారు. పొద్దున బొగ్దాన్ ప్రభుత్వం, మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే బ్యాండు, కరచాలనం, త్సిరిల్ ప్రభుత్వం. బియ్యం మిల్లులో షిఫ్టు మారినట్టు మంత్రులు మెట్ల మీద ఎదురుపడి, తాళాలు చేతులు మార్చుకుని, కుశలప్రశ్నలు వేసుకుని పోయేవారు. బెల్దావియా ప్రపంచంలోకెల్లా సుస్థిరమైన దేశం అయి కూర్చుంది.

ఇంతలో చలికాలం వచ్చేసింది. గొట్టాలు చల్లగానే ఉన్నాయి.

బాయిలర్ గదికి తాళం వేసి లక్క సీలు కొట్టి ఉంది. మంత్రి సంతకం లేకుండా ఏ బాయిలరూ వెలిగించకూడదన్నది పాతకాలపు చట్టం. అన్నీ మార్చినవాళ్ళు దీన్ని మార్చడం మరిచిపోయారు. మత్యాష్ మంచం దిగడం లేదు. భీమశంకరంగారు తన మంకీ క్యాపు తీసి ఆయనకు తొడిగాడు. అది కనుబొమల దాకా దిగి, ఆయన కూడా పిల్లల పుస్తకంలోంచి వచ్చినట్టు కనిపించాడు. ఇల్కా నవ్వబోయి ఏడ్చేసింది.

"పదండమ్మా, నేను మాట్లాడతాను" అని ఆయన ఆవిణ్ణి వెంటబెట్టుకుని ఇంధన శాఖకు వెళ్ళాడు.

పొద్దుటి మంత్రి శాలువా కప్పుకుని కూర్చున్నాడు. ఆ గదిలోనూ చలే. ఆయన దరఖాస్తు శ్రద్ధగా చదివాడు. "విషయం అత్యంత సానుభూతితో పరిశీలించదగినది. అయితే గత ప్రభుత్వం ఈ శాఖను ఏ స్థితిలో వదిలిపోయిందో ముందు సమీక్షించవలసి ఉన్నది."

"గత ప్రభుత్వం అంటే నిన్న మధ్యాహ్నందే కదండీ?"

"ఎప్పటిదైతేనేం, గతం గతమే" అన్నాడు మంత్రి.

సమీక్ష పూర్తవుతుండగా బ్యాండు మోగింది. ఆయన లేచి శాలువా మడతపెట్టి కుర్చీ మీద పెట్టిపోయాడు. ఇంకో మంత్రి వచ్చి అదే శాలువా కప్పుకుని, అదే కప్పులో మిగిలిన టీ తాగి, దరఖాస్తు చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది గత ప్రభుత్వానికి పెట్టుకున్న అర్జీ. మాకు మళ్ళీ పెట్టుకోండి. ముందుగా మేము గత ప్రభుత్వ నిర్ణయాలన్నిటినీ సమీక్షిస్తున్నాము."

"వాళ్ళు ఏ నిర్ణయమూ తీసుకోలేదండీ!"

"అదే మా ప్రధాన ఆరోపణ" అన్నాడు ఆ మంత్రి, గంభీరంగా.

వారం రోజులు కాళ్ళరిగేలా తిరిగారు. పొద్దున వెళ్తే మధ్యాహ్నం రమ్మన్నారు, మధ్యాహ్నం వెళ్తే పొద్దున్నే రాకపోయారా అన్నారు. మంత్రులు మంచివాళ్ళే, పాపం, ఎవరూ కాదనలేదు. సంతకం పెట్టే తీరిక ఉండేలోపు అధికారం పోయేది. ఇల్కా హాల్వర్ కాళ్ళావేళ్ళా పడింది. ఆయన విచారంగా తల ఊపి, "ఒక్క బాయిలర్ కోసం మార్పిడి ఆపితే దేశ స్థిరత్వం ఏమైపోవాలి?" అన్నాడు.

ఆ సాయంత్రం తొలి మంచు పడింది. మత్యాష్ దగ్గు నాలుగంతస్తులకూ వినిపిస్తోంది. ఒక్కొక్క తలుపే తెరుచుకుని జనం దుప్పట్లు కప్పుకుని మెట్ల మీదకి వచ్చారు, కిందికి దిగి బాయిలర్ గది ముందు గుమిగూడారు. అందరూ భీమశంకరంగారి వైపు చూశారు.

"వెలిగించవలెనా వలదా యని ఎన్నిక జరుపుదమందురు. ఎట్లు జరుపవలెనో మిమ్ము చెప్పుమందురు" అంది ఇల్కా.

ఆయనకు తెలిసిన పనే అది. గొంతు సవరించుకున్నాడు. "ముందు నోటిఫికేషన్ ఇవ్వాలి. తరవాత నామినేషన్లకు గడువు, పరిశీలన, ఉపసంహరణ..." అని మొదలుపెట్టాడు. పైనుంచి దగ్గు తెర ఒకటి వచ్చింది. ఆగలేదు. వింటున్నవాళ్ళంతా తలలెత్తి పైకి చూశారు. అది ఆగాక భీమశంకరంగారు, జీవితంలో మొట్టమొదటిసారి, సగం వాక్యంలో నిబంధనను వదిలేశాడు.

"అవన్నీ వద్దులెండమ్మా. చేతులెత్తమనండి."

ఇల్కా చెప్పీ చెప్పకముందే చేతులన్నీ లేచాయి. పసిపిల్లల చేతులు కూడా తల్లులు ఎత్తి పట్టుకున్నారు.

"దేనికి ఎత్తారు వీళ్ళు? నేనింకా ఏమీ అడగలేదే!"

ఇల్కా కనుక్కుని వచ్చింది. "వారికి తెలియదట. మీరు ఏది యడిగిన దానికట. ఇచ్చట ఎప్పుడును అట్లే."

భీమశంకరంగారికి నవ్వూ వచ్చింది, గుండె కలుక్కుమంది కూడా. ఈ అమాయకుల చేతా నేను బూట్లు విప్పించింది అనిపించింది. సిగ్గేసింది. "దించమనండి. ముందు మాట్లాడుకోమనండి. ఇష్టం లేనివాళ్ళు ఎత్తక్కర్లేదని చెప్పండి."

చేతులు దిగాయి. ఎవరూ నోరు విప్పరు. చివరికి జోఫ్కా ముందుకొచ్చింది. ఆవిడ ఆ భవనానికి గేటు కాపలా. పాత రోజుల్లో ఎవరింటికి ఎవరొచ్చారో పైకి చేరవేసేది ఆవిడేనని అందరికీ తెలుసు. ఆవిణ్ణి చూసి జనం రెండడుగులు వెనక్కి వేశారు.

"నేను ఒప్పుకోను. వెలిగించడానికి వీల్లేదు" అంది జోఫ్కా. "ఇది ముసలి బాయిలర్. ఇదివరకు ఒకసారి ప్రెషరు పెరిగి గొట్టం పగిలితే మా ఆయన చెయ్యి కాలిపోయింది. ఆయన పోయేదాకా ఆ చేత్తో చెంచా పట్టుకోలేకపోయాడు. తెలిసినవాడు లేకుండా ముట్టుకున్నారా, అందరం పోతాం."

ఆ భవనంలో ఉత్తర్వు లేకుండా ఒక మనిషి కాదనడం అదే మొదలు. ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. తరవాత మూడో అంతస్తు మనిషి, చలికి చచ్చేకంటే అది నయం అన్నాడు. జోఫ్కా ఆయన మీద విరుచుకుపడింది. ఇంకొకావిడ మధ్యలో దూరింది. మరి చూసుకోండి, నలభై ఏళ్ళుగా లోపల అణచుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. బాయిలర్ సంగతితో మొదలై, ఎవరి మేడ మీంచి ఎవరి బట్టల మీద నీళ్ళు కారాయో దాకా వెళ్ళి, మళ్ళీ బాయిలర్ దగ్గరికి వచ్చింది. భీమశంకరంగారికి ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, మా ఊరి పంచాయతీ ఆఫీసులో ఉన్నట్టే ఉందే అనుకుని, స్తంభానికి ఆనుకుని హాయిగా విన్నాడు.

చివరికి చేతులెత్తారు. ఈసారి కొన్ని ముందు లేచాయి, కొన్ని ఆలోచించి లేచాయి, కొన్ని లేవనే లేదు. జోఫ్కా వైపు నలుగురైదుగురే తేలారు. వెలిగించాలన్నవాళ్ళు గెలిచారు.

అంతా గుసగుసలు. ఇల్కా వచ్చి మెల్లగా అడిగింది. "ఓడినవారిని ఎచ్చటికి పంపవలెనని అడుగుచున్నారు."

"ఎక్కడికీ పంపక్కర్లేదు తల్లీ!" అన్నాడు భీమశంకరంగారు.

"పంపితే మాత్రం నేను పోతానా?" అని జోఫ్కా కేకేసింది. "మీరు వెలిగిస్తే నేనిక్కడే కుర్చీ వేసుకుని కూర్చుని ఆ ప్రెషరు మీటరు చూస్తాను. మీ మీద నాకు ఆవగింజంత నమ్మకం లేదు. ముల్లు ఎర్రగీత దాటిందో, మీ అందరి జుట్టూ పట్టుకు లాక్కొస్తాను."

తాళం పగలగొట్టారు. బొగ్గు వేశారు. ఒకళ్ళు ఒకటి తిప్పితే జోఫ్కా అది కాదని ఇంకోటి తిప్పించింది. కాసేపటికి గొట్టాలు గుర్రుమని మూలిగి, టకటకమని కొట్టుకుని, వేడెక్కాయి. మత్యాష్‌ను మంచంతో సహా దింపి బాయిలర్ గదిలోనే ఒక మూల పడుకోబెట్టారు. తెల్లారేసరికి ఆయన లేచి కూర్చుని సూపు అడిగాడు. ఆ మాటను ఇల్కా భీమశంకరంగారికి రెండుసార్లు తెలుగు చేసి చెప్పింది.

ఈ వార్త హాల్వర్‌కు అందేసరికి ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు. వెంటనే అత్యవసర సమావేశం పెట్టించాడు. "ఒక వీధిలో అధికారం ప్రభుత్వం చేతిలోంచి జారి, నమోదు కాని మూడో పక్షానికి చేరినది. సదరు పక్షం ప్రజలుగా తెలియవచ్చుచున్నది. ఇది నియమావళిలో లేని మార్పిడి. తక్షణం బాయిలర్ ఆర్పించని పక్షంలో పత్రం రద్దు చేయబడును."

వెలిగించడానికి వారం రోజుల్లో ఒక్క సంతకం పెట్టలేకపోయిన రెండు ప్రభుత్వాలూ, ఆర్పడానికి అరగంటలో రెండు సంతకాలు పెట్టాయి. ఇద్దరు ప్రధానులూ ఒకే కారులో హాల్వర్‌ను వెంటబెట్టుకుని బయల్దేరారు. వీధిలోకి దిగేసరికి మంచు మోకాళ్ళలోతు ఉంది. వాళ్ళ ఆఫీసుల్లోనూ బాయిలర్లకు మంత్రి సంతకం కాలేదు గనక, ముగ్గురూ అప్పటికే వారం నుంచి వణుకుతున్నారు.

బాయిలర్ గది తలుపు తోసుకుని బొగ్దాన్ లోపలికి వచ్చాడు. వెనక త్సిరిల్, ఆ వెనక హాల్వర్. వేడి ముఖానికి తగిలేసరికి ముగ్గురూ ఒక్క క్షణం ఎందుకొచ్చారో మరిచిపోయారు. లోపల నలభైమంది దాకా ఉన్నారు. ఎవరూ లేచి నిలబడలేదు. జోఫ్కా మీటరు మీంచి చూపు తిప్పలేదు.

బొగ్దాన్ ఉత్తర్వు మడత విప్పాడు, మూలనున్న మత్యాష్‌ను చూశాడు, మళ్ళీ మడతపెట్టాడు. "పన్నెండు దాటింది. ఇప్పుడు నీ ప్రభుత్వం కదా త్సిరిల్, నువ్వు చదువు" అన్నాడు.

"కరచాలనం ఇంకా కాలేదు కదా బావా. అంతవరకూ నీదే" అన్నాడు త్సిరిల్, చేతులు రెండూ జేబుల్లో దాచుకుంటూ.

"ఇదుగో నా చెయ్యి."

"బ్యాండు లేకుండా చెల్లదు."

ఆ దేశంలో ఎన్ని మార్పిడులు జరిగాయో గాని, అధికారాన్ని ఇంత మనస్ఫూర్తిగా వదులుకోవాలని ఎవరైనా అనుకోవడం అదే మొదటిసారి. హాల్వర్‌కు ఓపిక నశించింది. గుమ్మంలో నిలబడే భీమశంకరంగారి వైపు తిరిగాడు.

"మీరు నిపుణులు. ఇది అస్థిరత అని మీరు ధ్రువీకరిస్తే చాలు, మండలి తగు చర్య తీసుకుంటుంది. లేని పక్షంలో మీ నియామకం ఈ క్షణమే రద్దు."

భీమశంకరంగారు మర్యాదగా చేతులు జోడించాడు. నోరు పారేసుకోవద్దన్న సుభద్రమ్మ మాట గుర్తొచ్చింది గాని, అప్పటికే నోరు తెరిచేశాడు.

"అయ్యా, ముప్ఫయ్యేళ్ళు ఎన్నికలు జరిపాను. గెలిచినవాళ్ళను ఊరేగించడం చూశాను, ఓడినవాళ్ళు అద్దాలు పగలగొట్టడం చూశాను. ఓడిపోయిన మనిషి ఇంటికి పోకుండా, గెలిచినవాళ్ళు కాలిపోకూడదని తెల్లార్లూ కాపలా కాయడం మాత్రం ఇక్కడే చూశాను. ఇంతకంటే స్థిరంగా ఉన్నదాన్ని నేనెరగను. రద్దు చేసుకోండి. నా పెట్టెలో సిరా కూడా అయిపోయింది."

ఇల్కా ఆ మాటల్ని గదంతా వినేటట్టు తమ భాషలో చెప్పింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చప్పట్లు ఎప్పుడు కొట్టాలో వాళ్ళకు ఇన్నాళ్ళూ ఎవరో ఒకరు చెప్పేవారు.

హాల్వర్ రద్దు ఉత్తర్వు రాద్దామని కలం తీశాడు. బయటి చలికి అందులో సిరా గడ్డకట్టుకుపోయింది. విదిలించాడు, మళ్ళీ విదిలించాడు. తెరిచిన తలుపులోంచి మంచు రివ్వున లోపలికి కొడుతోంది. మత్యాష్ దగ్గాడు.

జోఫ్కా అప్పుడు తల తిప్పింది.

"సంతకాలు తరవాత పెట్టుకుందురు గాని, ముందా తలుపెయ్యండి. మనుషులున్నారిక్కడ."

హాల్వర్ రెండడుగులు లోపలికి వేసి, బాయిలర్ పక్కన ఖాళీగా ఉన్న బల్ల మీద కూర్చున్నాడు. ఇద్దరు ప్రధానులూ వెళ్ళి తలుపు వేశారు.